పాత హార్డ్ డిస్క్‌లో మెయిళ్లు, నంబర్లు: ఏవి దొరుకుతాయి, ఏవి దొరకవు

క్లుప్తంగా: పాత కంప్యూటర్లో మెయిళ్లు దొరుకుతాయా లేదా అన్నది డిస్క్ వయసు కన్నా, అప్పట్లో మెయిల్ ఎలా చూసేవారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. బ్రౌజర్లో చూసిన మెయిల్ డిస్క్‌లో ఉండదు. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ లాంటి ప్రోగ్రాముతో దించుకున్న మెయిల్ చాలాసార్లు ఆ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు. అది దాచిన ఫోల్డర్లలో ఉంటుంది కాబట్టి దుకాణాల్లో తీసే మామూలు బ్యాకప్‌లోకి రాదు. కాంటాక్టులది వేరే ఫైలు, కొన్నిసార్లు వేరే రెండు మూడు ఫైళ్లు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా కంపెనీ జాబితాలో ఉన్నదై ఉండాలి. ఈ రెండూ లేని సిస్టమ్‌లు బాగానే పని చేస్తున్నా మూలకు చేరుతున్నాయి. చెన్నైలో అలాంటివాటికి ఉన్న దారులు రెండే: ఒకటి అటక, రెండోది రిచీ స్ట్రీట్. మౌంట్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే వచ్చే ఆ వీధిలో, దాన్ని ఆనుకుని ఉన్న నరసింగపురం వీధిలో పాత ర్యామ్ కొనేవాళ్లు, పాడైన బోర్డు బాగుచేసేవాళ్లు, కేబుళ్లు అమ్మేవాళ్లు పక్కపక్కనే ఉంటారు. కొత్తది కొనేసి, పాత సీపీయూని ఆటోలో వేసే ముందు ఇంట్లో ఎవరో ఒకరికి గుర్తొస్తుంది, అందులో నాన్నగారి మెయిళ్లు ఉండాలే అని.

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అది తేల్చడానికి డిస్క్ విప్పక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఆయన మెయిల్ చూసేటప్పుడు తెర మీద ఏం కనిపించేదో ఇంట్లోవాళ్లు గుర్తు చేసుకోగలిగితే సగం సంగతి తేలిపోతుంది.

దించుకున్న మెయిల్ వేరు, చూసిన మెయిల్ వేరు

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా అందింది. ఆ సేవ మొదట మొదలైన నగరాల్లో మద్రాసు ఒకటి. అప్పటి మద్రాసు ఖాతాల చిరునామాల్లో 'జీఐఏఎస్ఎండీ01' లాంటి ముక్క ఉండేది, అందులో ఎండీ అంటే మద్రాసే. ఫోను లైను మీద మోడెమ్ కీచుమంటూ కలిసేది. కలిసి ఉన్నంతసేపూ ఇటు ఫోను బిల్లు ఎక్కేది, అటు కొనుక్కున్న ఇంటర్నెట్ గంటలు తరిగేవి. ఇంటికి రావాల్సిన ఫోన్లేమో ఎంగేజ్. అందుకని కలిసిన వెంటనే కొత్త మెయిళ్లన్నీ కంప్యూటర్లోకి దించుకుని, లైను కట్ చేసి, తీరిగ్గా చదువుకునేవారు.

ఈ దించుకునే పద్ధతి పేరు పాప్3. పోస్టాఫీసులో అద్దె పెట్టె తాళం తీసి ఉత్తరాలు ఇంటికి తెచ్చుకోవడం లాంటిదిది. తెచ్చుకున్నాక పెట్టె ఖాళీ. సర్వర్‌లో ఒక్కో ఖాతాకు దక్కే చోటు కొద్ది మెగాబైట్లే కాబట్టి, దించుకున్న మెయిల్‌ని అక్కడి నుంచి తీసేయడమే ఆ ప్రోగ్రాముల మామూలు అమరిక. కాపీని సర్వర్‌లోనే ఉంచమని ఎవరైనా ప్రత్యేకంగా టిక్కు పెట్టి ఉంటే తప్ప, ఆ ఉత్తరం మిగిలి ఉండేది ఆ ఇంటి డిస్క్‌లోనే. ఇప్పుడు సర్వర్ వాళ్లని అడిగి లాభం లేదు. వాళ్ల దగ్గర అది అప్పుడే లేదు.

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీ చోటుతో వచ్చింది. అప్పటికి ఉచిత ఖాతాకి హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ, యాహూ ఇచ్చేది 4 ఎంబీ. చోటు పెరగడం, బ్రాడ్‌బ్యాండ్ రావడం ఇంచుమించు ఒకే కాలంలో జరిగాయి. మెయిల్‌ని బ్రౌజర్లో తెరిచి అక్కడే చదివి వదిలేయడం అలవాటైంది. అలా చూసిన మెయిల్ డిస్క్‌లో ఉండదు. బ్రౌజర్ తాత్కాలికంగా దాచుకున్న ముక్కల్లో ఒకటీ అరా పేజీ దొరికితే దొరకొచ్చు గానీ, దాని కోసం వేలు ఖర్చు పెట్టడం దండగ. ఇక్కడ కావాల్సింది ఖాతా పాస్‌వర్డ్ తిరిగి తెచ్చుకోవడం. అది కూడా ఆలస్యం చేస్తే కుదరదు. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చన్న నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ రెండింటికీ మధ్యది ఐమ్యాప్. ఇందులో అసలు ప్రతి సర్వర్‌లో ఉంటుంది, కంప్యూటర్లో ఉండేది దాని నీడ. అక్కడ మెయిల్ పోతే ఇక్కడా పోతుంది. పాత సిస్టమ్ తెరిచేవాళ్లు తెలియక ఇక్కడే దెబ్బ తింటారు. చాలా ఏళ్ల తర్వాత ఆన్ చేసి, ఇంట్లో వైఫైకి కలిపి, మెయిల్ ప్రోగ్రామ్ తెరుస్తారు. సర్వర్‌లో ఆ పెట్టె ఈలోపు ఖాళీ అయిపోయి ఉంటే, ప్రోగ్రామ్ దాన్ని చూసి డిస్క్‌లో ఉన్నవాటినీ తుడిచేస్తుంది. కాబట్టి లాన్ కేబుల్ పీకి, వైఫై ఆపి, ఆ తర్వాతే తెరవాలి.

"డేటా మొత్తం తీశాం సార్"

రిచీ స్ట్రీట్‌లోనే కాదు, ఏ ఊళ్లో సర్వీస్ దుకాణానికి వెళ్లినా 'బ్యాకప్' అన్న మాటకు కౌంటర్‌కి ఇటు ఒక అర్థం, అటు ఒక అర్థం. తెచ్చినవాళ్ల దృష్టిలో బ్యాకప్ అంటే అందులో ఉన్న సమస్తం. కుర్చీలో ఉన్న కుర్రాడి దృష్టిలో డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్, ఫొటోలు, ఇక డి డ్రైవ్. ఇవి పెన్‌డ్రైవ్‌లోకి వేసి, సి డ్రైవ్‌ని ఫార్మాట్ కొట్టి, కొత్త విండోస్ వేసి ఇస్తాడు. డేటా మొత్తం తీశాం సార్ అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. మెయిల్ ఆ నాలుగు చోట్లా లేదు, అంతే.

విండోస్ ఎక్స్‌పీలో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ మెయిల్ ఉండే దారి చూస్తే సంగతి అర్థమవుతుంది. సి డ్రైవ్‌లో 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్', అందులో యూజర్ పేరు, అందులో 'లోకల్ సెట్టింగ్స్', దాని కింద 'అప్లికేషన్ డేటా', దాని కింద 'ఐడెంటిటీస్'. ఆ తర్వాత మీసాల బ్రాకెట్లలో అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి పేరుతో ఒక ఫోల్డర్, అందులో 'మైక్రోసాఫ్ట్', చివరికి 'ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్'. ఈ దారిలో 'లోకల్ సెట్టింగ్స్' దగ్గరే తలుపు మూసి ఉంటుంది. అది దాచిన ఫోల్డర్. ఫోల్డర్ ఆప్షన్లలో దాచినవి చూపించమని అడగనంతవరకు తెర మీద కనిపించదు. కనిపించనిదాన్ని ఎవరూ కాపీ చేయరు.

డిస్క్‌ని ఇంకో సిస్టమ్‌కి తగిలించి చూసినప్పుడు మరో చిక్కు వస్తుంది. పాత యూజర్ ఫోల్డర్ మీద క్లిక్ చేస్తే 'యాక్సెస్ డినైడ్' అంటుంది, లేదా సైజు సున్నా చూపిస్తుంది. డేటా పోయిందని అక్కడే టెన్షన్ పడక్కర్లేదు. ఆ ఫోల్డర్ పాత విండోస్‌లోని యూజర్ పేరిట ఉంది, కొత్త విండోస్‌కి ఆ యూజర్ ఎవరో తెలియదు. సెక్యూరిటీ ట్యాబ్‌లో ఓనర్‌ని మార్చితే తెరుచుకుంటుంది. పాత లాగిన్ పాస్‌వర్డ్ గుర్తులేకపోయినా ఇబ్బంది లేదు. ఆ పాస్‌వర్డ్ గుమ్మం దగ్గర కాపలాయే తప్ప లోపలి వస్తువులకు తాళం కాదు. ఒక మినహాయింపు ఉంది. విండోస్‌లోని ఈఎఫ్ఎస్ ఎన్‌క్రిప్షన్ పెట్టిన ఫైళ్లు (ఎక్స్‌పీలో వాటి పేర్లు ఆకుపచ్చగా కనిపిస్తాయి) పాత యూజర్ కీ లేకుండా తెరుచుకోవు.

తగిలించడం పెద్ద పని కాదు. సుమారు 2003కి ముందు డిస్కులైతే 40 పిన్నుల వెడల్పాటి ఐడీఈ సాకెట్, ల్యాప్‌టాప్‌దైతే 44 పిన్నులు. ఆ తర్వాత కొన్నేళ్లలో క్రమంగా సన్నటి సాటా వచ్చింది. రెండింటికీ పనికొచ్చే యూఎస్‌బీ కన్వర్టర్లు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. డెస్క్‌టాప్ డిస్క్‌కి 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ ఇచ్చేది 5. అందుకని పవర్ అడాప్టర్ కలిసి ఉన్న కన్వర్టరే తీసుకోవాలి. అది లేక డిస్క్ తిరగకపోతే, పాడైపోయిందనుకుని పక్కన పడేసినవాళ్లు ఉన్నారు.

ఏ ప్రోగ్రాముది ఏ ఫైలు

ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో మెయిల్ ఫోల్డర్‌కి ఒక్కో డీబీఎక్స్ ఫైలు ఉంటుంది. ఇన్‌బాక్స్‌కి ఒకటి, పంపినవాటికి ఒకటి, 'ఇంటి రిజిస్ట్రేషన్' అని ఎవరైనా ఫోల్డర్ పెట్టుకుని ఉంటే దానికొకటి. ఎంఎస్ ఆఫీస్‌తో వచ్చే పెద్ద ఔట్‌లుక్ తీరు దీనికి పూర్తిగా భిన్నం. మెయిళ్లు, కాంటాక్టులు, క్యాలెండర్ అన్నీ ఒకే పీఎస్‌టీ ఫైలులో పెడుతుంది. ఒక్క ఫైలు దొరికితే అన్నీ దొరికినట్టే, అది చెడితే అన్నీ చెడినట్టే. ఔట్‌లుక్ 2002 దాకా వచ్చిన పీఎస్‌టీకి 2 జీబీ హద్దు ఉండేది. హద్దు దాటగానే ఫైలు తెరుచుకోకుండా మొరాయించేది. ఆఫీసు పని ఇంటి నుంచి చేసినవాళ్ల డిస్కుల్లో అలా ఆగిపోయిన ఫైళ్లు తగులుతుంటాయి. మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్‌తోనే ఇచ్చే స్కాన్‌పీఎస్‌టీ అనే మరమ్మతు ప్రోగ్రామ్ మామూలు దెబ్బలను సరిచేస్తుంది. దాన్ని అసలు ఫైలు మీద కాకుండా కాపీ మీద నడపాలి.

ఓఎస్‌టీ అనే ఫైలు కనిపిస్తే అది ఆఫీసు సర్వర్‌కో ఐమ్యాప్ ఖాతాకో నీడ. వేరే కంప్యూటర్లో ఔట్‌లుక్ దాన్ని నేరుగా తెరవదు, మార్పిడి చేసే ప్రోగ్రామ్ కావాలి. విండోస్ లైవ్ మెయిల్‌లో ఒక్కో ఉత్తరం ఒక్కో ఈఎంఎల్ ఫైలు. వెలికితీసే పనిలో అన్నిటికన్నా సులువైంది ఇదే. వందల్లో కొన్ని చెడినా మిగతావి బాగానే ఉంటాయి. థండర్‌బర్డ్ వాడేది ఎమ్‌బాక్స్. ఫోల్డర్‌లోని ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చిన పొడవాటి టెక్స్ట్ ఫైలు, పేరు చివర ఏ తోకా ఉండదు. పక్కనే ఎంఎస్ఎఫ్ అన్న తోకతో చిన్న ఫైలు కనిపిస్తుంది. అది సూచిక మాత్రమే. తొందరలో దాన్ని కాపీ చేసుకుని అసలుది వదిలేయడం మామూలుగా జరిగే తప్పు.

డీబీఎక్స్‌ని ఇప్పటి విండోస్‌లో తెరిచే మెయిల్ ప్రోగ్రామ్ మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. ఉచితంగా దొరికే అన్‌డీబీఎక్స్ దాన్ని విడివిడి ఈఎంఎల్ ఫైళ్లుగా విడగొడుతుంది. వాటిని థండర్‌బర్డ్‌లోకి ఎక్కించుకోవచ్చు. పీఎస్‌టీకి లినక్స్‌లో రీడ్‌పీఎస్‌టీ ఉంది, క్లాసిక్ ఔట్‌లుక్ ఉంటే అదీ అక్కర్లేదు. పీఎస్‌టీకి పాస్‌వర్డ్ పెట్టి ఉంటే భయపడతారు గానీ, ఆ పాస్‌వర్డ్ లోపలి మెయిళ్లను గుప్తీకరించదు. రీడ్‌పీఎస్‌టీ లాంటివి దాన్ని పట్టించుకోవు కూడా.

తొలగించిన మెయిళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డీబీఎక్స్‌లోనూ ఎమ్‌బాక్స్‌లోనూ ఒక ఉత్తరాన్ని డిలీట్ చేస్తే అది ఫైలులోంచి వెంటనే పోదు. పోయినట్టు గుర్తు పడుతుంది, అంతే. 'కాంపాక్ట్' చేసినప్పుడే నిజంగా పోతుంది. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 తర్వాత ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వందసార్లు మూసినప్పుడల్లా కాంపాక్ట్ చేయమంటారా అని అడిగేది. అది జరుగుతుండగా కరెంటు పోతేనో, విసుగొచ్చి మధ్యలో ఆపేస్తేనో ఇన్‌బాక్స్ మొత్తం ఖాళీగా కనిపించేది. అలాంటి డిస్క్‌లో ముందు చూడాల్సింది రీసైకిల్ బిన్. కాంపాక్ట్‌కి ముందున్న ఫైలును ఆ ప్రోగ్రామ్ బీఏకే తోకతో అక్కడ పడేసేది.

కాంటాక్టుల దగ్గర అసలు తంటా

మెయిళ్లు దొరికాక కాంటాక్టులు కూడా వాటితోనే వస్తాయనుకుంటారు. రావు. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ చిరునామాల పుస్తకం 'వ్యాబ్' అనే ఫైలు. అది మెయిల్ ఉన్న దారిలో కాకుండా 'అప్లికేషన్ డేటా' కింద 'మైక్రోసాఫ్ట్', 'అడ్రస్ బుక్' అన్న వేరే దారిలో ఉంటుంది. ఇందులో ఒక మెలిక: 'అప్లికేషన్ డేటా' అనే పేరుతో ఎక్స్‌పీలో రెండు ఫోల్డర్లు ఉంటాయి. ఒకటి 'లోకల్ సెట్టింగ్స్' లోపల, ఇంకోటి బయట. మెయిల్ లోపలిదానిలో, చిరునామాలు బయటిదానిలో. విస్టా నుంచి ఒక్కో మనిషికి ఒక్కో 'కాంటాక్ట్' ఫైలు, యూజర్ ఫోల్డర్‌లోనే కనిపించేలా. విండోస్ లైవ్ మెయిల్ మళ్లీ మార్చి అన్నీ ఒక డేటాబేస్ ఫైలులో పెట్టింది. థండర్‌బర్డ్‌లో 2020 నాటి 78వ వెర్షన్‌కి ముందు ఎంఏబీ ఫైలు, 78 నుంచి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలు.

అన్నీ సరిగ్గా వెతికినా పుస్తకంలో పది పేర్లే కనిపించి ఆశ్చర్యపోవడం చాలామందికి ఎదురవుతుంది. ఆయనకు వందమందితో ఉత్తరాలు నడిచేవే, మరి వాళ్లంతా ఏరి? వాళ్లు పుస్తకంలోకి ఎన్నడూ ఎక్కలేదు. 'టు' గడిలో రెండక్షరాలు కొట్టగానే పూర్తి చిరునామా వచ్చేది, దాన్నే కాంటాక్టు అనుకున్నారు. ఔట్‌లుక్ 2007 దాకా ఆ సూచనలు ఎన్‌కే2 అనే విడి ఫైలులో ఉండేవి. ఆ ఫైలు దొరికితే చదివే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. 2010 నుంచి అవి చాలావరకు మెయిల్ ఫైలు లోపలికే వెళ్లిపోయాయి.

ఏ పుస్తకమూ దొరకకపోతే మెయిళ్లే పుస్తకం. ప్రతి ఉత్తరం తలలో (హెడర్‌లో) పంపినవారి పేరు, చిరునామా, ఇంకా ఎవరెవరికి వెళ్లిందో రాసి ఉంటుంది. వాటిని పోగుచేసి, తేదీలవారీగా పేర్చి, డూప్లికేట్లు తీసేస్తే సేవ్ చేసుకున్న చిరునామాల కన్నా పెద్ద జాబితాయే తయారవుతుంది. ఎవరితో ఎన్నిసార్లు, ఎప్పటిదాకా మాట్లాడారో కూడా అందులోనే తెలుస్తుంది. ఫోను నంబర్లు మాత్రం తలలో ఉండవు, సంతకాల్లో ఉంటాయి. ఉత్తరం చివర పేరు, హోదా, టీ నగర్‌లో ఆఫీసు చిరునామా, దాని కింద 044తో మొదలయ్యే నంబరు. వాటిలో ఏడంకెల నంబర్లు కనిపిస్తే, తర్వాతి రోజుల్లో వాటి మొదట్లో 2 చేరిందని గుర్తుంచుకోవాలి. అలా సరిచేసినా అటు ఎత్తేవాళ్లు ఉంటారన్న పూచీ లేదు. పాత 98400 మొబైల్ నంబర్లే పలికే అవకాశం ఎక్కువ. నెట్‌వర్క్ మారినా చాలామంది నంబరు మార్చుకోలేదు.

తెలుగు గజిబిజిగా కనిపిస్తే

బయటపడ్డ మెయిళ్లు తెరిచాక తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే ఘట్టం ఒకటుంది. ఇంగ్లీషు ఉత్తరాలు చక్కగా ఉంటాయి, తెలుగువి చదవరాకుండా ఉంటాయి. ఫైలు చెడిపోయిందని దుకాణం వాళ్లు తేల్చేస్తారు. సాధారణంగా అది నిజం కాదు.

ఆ రోజుల్లో తెలుగు మూడు రకాలుగా రాసేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేసినవాళ్లది ఎప్పటికీ చదవొచ్చు, దానికి ఏ గొడవా లేదు. అను, శ్రీలిపి లాంటి ఫాంట్లలో టైపు చేసినవాళ్ల ఉత్తరంలో నిజానికి ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల అంకెలే. ఫాంటు వాటి మీద తెలుగు ముసుగు వేస్తుంది. ఫాంటు లేని సిస్టమ్‌లో ముసుగు జారి గుర్తుల గుంపు కనిపిస్తుంది. మూడోది యూనికోడ్, అంటే తెలుగు అక్షరాలకు సొంత కోడ్ అంకెలు ఉన్న పద్ధతి. తమిళానికి లత ఫాంటు విండోస్ 2000లోనే వచ్చింది, తెలుగుకి గౌతమి ఎక్స్‌పీతో వచ్చింది. అంటే 2001కి ముందు మెయిల్లో తెలుగు లిపి కనిపించిందంటే అది దాదాపుగా ఫాంటు తెలుగే.

ఫాంటు తెలుగును యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు తెలుగువాళ్లు చాలాకాలం నుంచే చేసుకున్నారు. ఫైర్‌ఫాక్స్‌కి 'పద్మ' అనే పొడిగింపు అలా వచ్చిందే. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఇప్పుడూ దొరుకుతాయి. వర్డ్ ఫైలుగా జతచేసిన ఉత్తరమైతే ఫాంటు పేరు అందులోనే రాసి ఉంటుంది, మార్చడం తేలిక. ఉత్త టెక్స్ట్ మెయిల్‌లో ఆ పేరు ఉండదు. ఒక్కో ఫాంటుగా వేసి చూసి ఊహించాల్సిందే.

యూనికోడ్ ఉత్తరం కూడా ఒక్కోసారి గజిబిజిగా తెరుచుకుంటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. చదివే ప్రోగ్రామ్ వాటిని మూడు వేర్వేరు ఐరోపా అక్షరాలుగా అనుకుంటే ప్రతి అక్షరం స్థానంలో మూడేసి వింత గుర్తులు కనిపిస్తాయి. ఎన్‌కోడింగ్‌ని యూటీఎఫ్-8కి మార్చగానే సర్దుకుంటుంది. తెలుగు స్థానంలో వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం సంగతి వేరు. యూనికోడ్ తెలియని ఫైలులోకి తెలుగును కుక్కినప్పుడు ప్రోగ్రామ్ అక్షరం తీసేసి ప్రశ్నార్థకం పెడుతుంది. ఏ అక్షరం ఉండేదో దానికి ఇక గుర్తుండదు, ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. ఇది పాతికేళ్ల కిందే జరిగి ఉండొచ్చు, ఇవాళ కాంటాక్టులను సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ జాబితా) ఫైలుగా సేవ్ చేసే ఆ ఒక్క నిమిషంలో కూడా జరగొచ్చు. అసలు వ్యాబ్ ఫైలును దాచి పెట్టుకుంటే రెండోసారి సరిగ్గా సేవ్ చేసుకోవచ్చు.

ఫార్మాట్ కొట్టాక, చప్పుడు వచ్చాక

డిస్క్ మీద ఫైలును తొలగిస్తే ముందు పోయేది దాని పేరు చిట్టా మాత్రమే. బైట్లు అక్కడే పడి ఉంటాయి, ఆ చోటులోకి ఇంకోటి వచ్చేవరకు. క్విక్ ఫార్మాట్ కూడా అంతే, చిట్టా మొత్తం కొత్తది అవుతుంది. అసలు నష్టం ఫార్మాట్ తర్వాత విండోస్ వేసినప్పుడు. మెయిల్ ఉన్నదీ సి డ్రైవ్‌లోనే, గిగాబైట్ల కొద్దీ కొత్త ఫైళ్లు వచ్చి కూర్చునేదీ అక్కడే. ఫార్మాట్ చేయకుండా పైన విండోస్ వేసి ఉంటే మాత్రం విస్టా నుంచి పాతదంతా 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డర్‌లోకి జరుగుతుంది. దాన్ని ఎవరూ డిలీట్ చేసి ఉండకపోతే మెయిల్ అందులో యథాతథంగా దొరుకుతుంది.

చిట్టా పోయిన డిస్క్‌లో ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఫైలు మొదటి బైట్లను బట్టి గుర్తుపడతాయి. పీఎస్‌టీకి, డీబీఎక్స్‌కి అలాంటి ముద్ర ఉంది. అయితే పెద్ద ఫైలు డిస్క్ మీద ఒకే చోట కాక ముక్కలు ముక్కలుగా చెదిరి ఉంటుంది. రెండు మూడేళ్ల పాటు కొద్దికొద్దిగా పెరిగిన ఇన్‌బాక్స్ విషయంలో ఇది మరీ ఎక్కువ. మొదటి ముక్క దొరికి మిగతావి దొరకకపోవచ్చు. ఒకే పెద్ద పీఎస్‌టీ కన్నా వెయ్యి చిన్న ఈఎంఎల్‌లు వెలికితీతలో మెరుగు అన్నది ఇందుకే. తిరిగే పళ్లేలు లేని ఎస్ఎస్‌డీలైతే ఈ ఆశ కూడా తక్కువే. విండోస్ 7 నుంచి ఉన్న ట్రిమ్ వల్ల, తొలగించిన చోటును డిస్క్ తానే కాసేపట్లో శుభ్రం చేసుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ వేసి ఉంటే డిస్క్ విప్పి తెచ్చినా 48 అంకెల రికవరీ కీ లేనిదే ఏమీ కనిపించదు. పాతకాలపు డిస్కులు ఈ ఒక్క విషయంలో దయగలవి.

టక్ టక్ మని లయగా చప్పుడు వస్తే మాత్రం చేతులు వెనక్కి తీసుకోవాలి. 7,200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది, చదివే తల దాని మీద నానోమీటర్లలో లెక్కపెట్టే ఎత్తున తేలుతుంది. ఆ చప్పుడు తల దారి వెతుక్కోలేక వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నిస్తున్నదని అర్థం. తిప్పిన ప్రతి నిమిషం పళ్లెం గీరుకుపోవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే పని చేస్తుందన్న చిట్కా చాలాకాలంగా తిరుగుతోంది. చెన్నై గాలిలో తేమకు చల్లటి లోహం బయటికి తీయగానే దాని మీద నీరు పడుతుంది. చప్పుడు లేకుండా కొన్ని చోట్ల మాత్రం ఆగిపోతూ ఉంటే అవి బ్యాడ్ సెక్టర్లు, అంటే డిస్క్ మీద చెడిపోయి చదవరాని చోట్లు. అక్కడ ఫైళ్లు ఒక్కొక్కటి కాపీ చేయడం తప్పు పద్ధతి. డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రామ్ తేలిగ్గా చదవగలిగిన చోటంతా ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకు చివర్లో వస్తుంది. మొత్తం డిస్క్‌కి నకలు తయారయ్యాక, వెతుకులాట ఆ నకలు మీద.

వరద చూసిన డిస్కులు

2015 డిసెంబరు మొదటి రోజుల్లో అడయారు పొంగి సైదాపేట, కొట్టూర్‌పురం ఇళ్లలోకి నీరు వచ్చినప్పుడు బల్ల కింద పెట్టిన సీపీయూలు ముందు మునిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు చెన్నైని ముంచింది, వేళచ్చేరి మళ్లీ నీళ్లలో నిలబడింది. అప్పటి డిస్కులు కొన్ని ఆరబెట్టి దాచినవి ఇంకా ఇళ్లలో ఉన్నాయి.

హార్డ్ డిస్క్ గాలి చొరబడని డబ్బా అనుకుంటారు. మూత మీద చిన్న రంధ్రం ఉంటుంది, పక్కనే దాన్ని మూయవద్దని హెచ్చరిక ముద్రించి ఉంటుంది. లోపలి, బయటి గాలి ఒత్తిడి సమానంగా ఉండటానికి అది. మునిగినప్పుడు నీరు లోపలికి వెళ్లే దారి కూడా అదే. అందుకే తడిసిన డిస్క్‌ని ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయర్ పట్టడం నష్టమే చేస్తాయి. నీరు ఆవిరై బురద, ఉప్పు పళ్లెం మీద అంటుకుపోతాయి. కరెంటు ఇవ్వకుండా, తడిగానే కవర్లో చుట్టి, దుమ్ములేని గది ఉన్న రికవరీ ల్యాబుకి పంపడం సరైన దారి. దానికి అయ్యే ఖర్చు వేలల్లో మొదలవుతుంది. అంత విలువ ఆ మెయిళ్లకు ఉందో లేదో ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి. నీరు రంధ్రం దాకా రాకుండా కింది సర్క్యూట్ బోర్డు ఒక్కటే తడిసి ఉంటే పని తేలిక. అలాంటప్పుడు కూడా అదే మోడల్ బోర్డు తెచ్చి బిగిస్తే సరిపోదు. ఆ డిస్క్‌కే ప్రత్యేకమైన కొలతలు ఉన్న చిప్‌ని పాత బోర్డు నుంచి తీసి కొత్తదానికి అతికించాలి.

ఆస్తి కాగితంగా మెయిల్, అమ్మకానికి డిస్క్

పాత మెయిళ్లు వెతికేది జ్ఞాపకం కోసమే కానక్కర్లేదు. నెల్లూరులో పొలం పంపకం గురించి అన్నదమ్ములు రాసుకున్న ఉత్తరం, ఫ్లాట్ అడ్వాన్సుకి బిల్డర్ ఇచ్చిన జవాబు వివాదంలో పనికొస్తాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర, ఒక్క బైటు మారినా మారిపోతుంది. పీఎస్‌టీని ఔట్‌లుక్‌లో ఊరికే తెరిచి మూసినా ఫైలు మారుతుంది. కోర్టు దాకా వెళ్లే అవకాశం ఉంటే తెరవకముందే డిస్క్ నకలు తీయించి హ్యాష్ రాయించుకోవాలి.

మెయిళ్లు తీసుకున్నాక మిగిలే రెండు కాపీల గురించి అడిగేవాళ్లు తక్కువ. ఒకటి దుకాణం సిస్టమ్‌లో, పని కోసం దింపుకున్నది. ఎదురుగా ఉండగానే దాన్ని తీయించాలి. రెండోది పాత డిస్క్‌లోనే. దాన్ని అమ్మే ముందు ఫార్మాట్ కొడితే చాలనుకుంటే, ఎక్స్‌పీలో పూర్తి ఫార్మాట్ కూడా బ్యాడ్ సెక్టర్లు చూసి ఊరుకుంటుంది, పాత బైట్లను తాకదు. విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ అంటే డిస్క్ అంతటా సున్నాలు రాయడం. పాత డిస్క్‌ని కొత్త సిస్టమ్‌కి తగిలించి, 'క్విక్' పక్కన టిక్కు తీసేసి ఫార్మాట్ చేస్తే కొన్ని గంటలు పడుతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరు కొన్నా అందులో మెయిల్ ఉండదు.